దిగుమతి కారు ఒక్క తాళంతోనే వచ్చిందా? రెండోది ఇలా చేయించుకోండి

వేరే దేశం నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ కారుకు చాలాసార్లు ఒక్క తాళమే చేతికొస్తుంది. రెండోది పాత ఓనర్ ఇంట్లో ఏ సొరుగులోనో పడి ఉంటుంది, కారు నలుగురి చేతులు మారేసరికి దాని గురించి అడిగేవాళ్లు కూడా ఉండరు. మనమూ కారొచ్చిన సంబరంలో స్పేర్ కీ సంగతి తర్వాత చూద్దాంలే అనుకుంటాం. ఆ తర్వాత అనేది, ఉన్న ఒక్కటీ ఎక్కడో జారిపోయిన రోజున గానీ రాదు.

పనిచేసే తాళం ఒకటి చేతిలో ఉండగా రెండోది చేయించడం ఒక పని, ఒక్కటీ లేకుండా చేయించడం పూర్తిగా వేరే పని. మొదటి దాంట్లో చాలా కార్లు ఉన్న తాళాన్ని చూసి కొత్తదాన్ని చేర్చుకోనిస్తాయి. రెండో దాంట్లో కొన్ని మోడళ్లకు డ్యాష్‌బోర్డ్ విప్పి, ఇమ్మొబిలైజర్ (సరైన తాళం కాకపోతే ఇంజిన్ నడవనివ్వని కంప్యూటర్) డబ్బాను బయటికి తీసి, అందులోని మెమరీని నేరుగా చదవాలి, ఇంకొన్నింటికి ఆ డబ్బానే మార్చాలి. కాబట్టి ఉన్నదొక్కటే అయితే ఈ పని వచ్చే నెలకు వాయిదా వేయకండి.

ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను. మాది జపాన్ లోపల అమ్మడానికి తయారైన కారు. ఆన్‌లైన్‌లో అచ్చం మా పాత రిమోట్ లాంటిదే కనిపించింది, అదే లోగో, అవే బటన్లు, అమ్మేవాడు కూడా మీ మోడల్‌కి సరిపోతుందన్నాడు, కొనేశాను. బ్లేడ్ కట్ చేయించాను, తలుపు తెరుచుకుంది. చిప్ ప్రోగ్రామ్ చేశారు, ఇంజిన్ స్టార్టయింది. బటన్ నొక్కితే మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు. సెల్ మార్చాం, మళ్లీ ప్రోగ్రామ్ చేశాం, కారులో రిసీవర్ పోయిందేమో అని కూడా అనుకున్నాం, కానీ పాత రిమోట్ నొక్కితే దర్జాగా పనిచేస్తోంది! చివరికి తేలిందేమిటంటే నేను కొన్నది యూరప్ మోడల్‌ది, 433 మెగాహెర్ట్జ్ మీద అరుస్తుంది. మా కారు వినేది 314 దగ్గర. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అన్నమాట, ఎన్నిసార్లు ప్రోగ్రామ్ చేసినా ప్రయోజనం ఉండదు.

ఆ దెబ్బతోనే నాకు అర్థమైంది, తాళం పైకి ఒక్కటే కానీ లోపల మూడు వేర్వేరు వస్తువులున్నాయని. బ్లేడ్ ఒకటి, అది తలుపునీ ఇగ్నిషన్‌నీ తిప్పుతుంది. రెండోది ఇమ్మొబిలైజర్ చిప్. దీనికి సెల్ అక్కర్లేదు. ఇగ్నిషన్ చుట్టూ ఉండే తీగచుట్ట 125 కిలోహెర్ట్జ్ దగ్గర, కొన్ని కార్లలో 134 దగ్గర, చిన్న అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది, చిప్ దాన్నుంచే కరెంటు తీసుకుని కారుకి జవాబు చెప్తుంది. రిమోట్ సెల్ అయిపోయినా తాళం తిప్పితే బండి స్టార్టయ్యేది ఇందుకే. మూడోది బటన్ల రేడియో, తలుపుల లాక్ కోసం. ఈ మూడూ విడివిడిగా కుదరాలి. ఒకటి కుదిరినంత మాత్రాన మిగతావి కుదిరినట్టు కాదు. పుష్ స్టార్ట్ కార్లలో కూడా కథ ఇంచుమించు ఇదే, కారు తక్కువ ఫ్రీక్వెన్సీలో పిలుస్తుంది, జేబులోని తాళం ఎక్కువ ఫ్రీక్వెన్సీలో పలుకుతుంది, సెల్ అయిపోతే చాలా మోడళ్లలో తాళాన్ని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కితే చాలు.

కారు ఏ దేశం కోసం తయారైంది?

ఎక్కడ తయారైంది అని కాదు, ఎక్కడ అమ్మడానికి తయారైంది అని. అన్నీ దీనిమీదే ఆధారపడి ఉంటాయి కాబట్టి కాస్త ఓపిగ్గా చూడండి.

జపాన్ లోపలి మార్కెట్ కార్ల రిమోట్లు 312 నుంచి 315 మెగాహెర్ట్జ్ మధ్యలో పనిచేస్తాయి. టొయోటాలైతే 312, 314 దగ్గర, హోండాలు చాలావరకు 313.8 దగ్గర. ఉత్తర అమెరికా కార్లకు ఎక్కువగా 315, కొన్నింటికి 433, కొత్త ఫోర్డుల్లో కొన్నింటికి 902. యూరప్ కార్లకు 433.92, జర్మన్ కార్లలో కొన్నింటికి 868. బీఎండబ్ల్యూలో అయితే చూడ్డానికి ఒకేలా ఉండే రిమోట్ 315, 433, 868 మూడింటిలోనూ దొరుకుతుంది. ఫొటో చూసి కొంటే నాలాగే అవుతుంది.

చిప్ విషయంలోనూ దేశాన్ని బట్టి తేడా ఉంది. యూరోపియన్ యూనియన్‌లో 1998 అక్టోబర్ నుంచి కొత్త కార్లన్నింటికీ ఇమ్మొబిలైజర్ తప్పనిసరి. ఆస్ట్రేలియాలో 2001 జులై నుంచి, కెనడాలో 2007 సెప్టెంబర్ నుంచి. అమెరికాలో అలాంటి చట్టమే లేదు. అందుకే 2011 నుంచి 2021 మధ్య అమెరికాలో అమ్ముడైన హ్యుందాయ్, కియా కార్లలో తాళం తిప్పి స్టార్ట్ చేసే కింది రకాలు చాలావాటికి ఇమ్మొబిలైజరే లేదు, వాటిని దొంగలు ఎంత తేలిగ్గా ఎత్తుకుపోయారో వీడియోలు తెగ తిరిగాయి. అదే మోడల్ యూరప్‌ది అయితే చిప్ లేకుండా కదలదు. ఒకే పేరున్న రెండు కార్లలో ఒకదానికి మామూలు ఇనుప తాళం చాలు, ఇంకోదానికి చాలదు.

మార్కెట్ ఏదో పట్టుకోవడం ఎలాగంటే, జపాన్ లోపలి మార్కెట్ కారుకు మనకు అలవాటైన 17 అక్షరాల విన్ నంబర్ (కారు గుర్తింపు నంబర్) ఉండదు. మోడల్ కోడ్, మధ్యలో ఒక అడ్డగీత, తర్వాత సీరియల్ నంబర్, అంతే, చాలా పొట్టిగా ఉంటుంది. ఇంజిన్ బేలో వెనక గోడ మీదో డోర్ పిల్లర్ మీదో ప్లేటు ఉంటుంది, చూడండి. మామూలు డీలర్ కౌంటర్‌లో ఆ నంబర్ ఇస్తే వాళ్ల కంప్యూటర్ 17 అక్షరాలు కావాలని మొండికేస్తుంది, అసలు అలాంటి కారే లేదన్నట్టు మాట్లాడతారు. కంగారు పడకండి, కారు తప్పు కాదు, వాళ్ల సాఫ్ట్‌వేర్ వేరే మార్కెట్‌ది. అమెరికా కారైతే డ్రైవర్ డోర్ పిల్లర్ మీద, అక్కడి ఫెడరల్ భద్రతా ప్రమాణాలకు లోబడి ఉందని రాసిన స్టిక్కర్ ఉంటుంది. విన్ మొదటి అక్షరాన్ని మాత్రం నమ్ముకోకండి. జే అంటే జపాన్‌లో తయారైందని, డబ్ల్యూ అంటే జర్మనీలో అని, అంతవరకే. జపాన్‌లో తయారై అమెరికాలో అమ్ముడైన కార్లు కోకొల్లలు.

ఇప్పుడు పాత రిమోట్ విప్పండి. గోరుతోనో సన్నటి ప్లాస్టిక్ ముక్కతోనో మెల్లగా తెరవండి, స్క్రూడ్రైవర్‌తో బలవంతంగా పొడిస్తే బోర్డు గీరుకుపోతుంది. ముందు, వెనక, బోర్డు రెండు వైపులా, అన్నీ దగ్గరగా ఫొటోలు తీసుకోండి. అమెరికా రిమోట్ మీద ఎఫ్‌సీసీ (అక్కడి కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ) ఐడీ ఉంటుంది, దాన్ని అక్కడి ఎఫ్‌సీసీ వెబ్‌సైట్‌లో కొడితే ఫ్రీక్వెన్సీ ఎంతో కనిపిస్తుంది. జపాన్ రిమోట్ మీద పిడుగు గుర్తున్న చిన్న ముద్ర, పక్కనే ఒక నంబర్ ఉంటాయి. యూరప్‌దైతే సీఈ గుర్తు. బోర్డు మీద పార్ట్ నంబర్ రాసుకోండి. టొయోటా బ్లేడ్ మెడ దగ్గర జీ గానీ హెచ్ గానీ చెక్కి ఉంటే అది చిప్ రకం, అలాంటిది కనిపిస్తే తాళాలు చేసేవాళ్లకు ఆ ఒక్క ముక్క చెప్పండి, సగం పని అయిపోతుంది. ఏమీ కనిపించకపోయినా టెన్షన్ వద్దు, చిప్ రీడర్ ఉన్న ఎవరైనా మీ పాత తాళాన్ని దాని మీద పెడితే క్షణాల్లో చిప్ రకం చెప్పేస్తారు, ఫ్రీక్వెన్సీ టెస్టర్ దగ్గర బటన్ నొక్కితే మెగాహెర్ట్జ్ కూడా తెలిసిపోతుంది. కొనే ముందు ఈ రెండు పరీక్షలూ చేయించుకోవాలి, నాలాగా కొన్న తర్వాత కాదు.

విప్పినప్పుడు ఇంకో జాగ్రత్త. కొన్ని రిమోట్లలో ఇమ్మొబిలైజర్ చిప్ బోర్డు మీద ఉండదు, బియ్యపు గింజ కంటే కొంచెం పెద్ద గాజు ముక్కో, నల్లటి చిన్న బిళ్లో ప్లాస్టిక్ డొప్పలో ఓ మూల అతికించి ఉంటుంది. డొప్ప పగిలిందని కొత్త డొప్ప తెచ్చి, బోర్డు మార్చి, పాతదాన్ని చెత్తబుట్టలో వేసేవాళ్లు బోలెడంత మంది. చిప్ కూడా దాంతోపాటే పోతుంది. తలుపులు తెరుచుకుంటాయి, బండి స్టార్ట్ అవ్వదు.

ఏది కొనాలి

కంపెనీ ఒరిజినల్ దొరికితే, పార్ట్ నంబర్ అక్షరం పొల్లు పోకుండా కలిస్తే, కళ్లు మూసుకుని అదే కొనండి. జపాన్ మార్కెట్ కార్లకు అది బయట దొరకడం కష్టం కాబట్టి నా ఓటు యూనివర్సల్ రిమోట్లకు. ఎక్స్‌హార్స్, కీడీఐవై లాంటి కంపెనీలవి ఖాళీ రిమోట్లు వస్తాయి, వాళ్ల మెషిన్‌తో ఏ మోడల్, ఏ ఫ్రీక్వెన్సీ కావాలో అందులోకి రాసుకోవచ్చు. పైన కంపెనీ లోగో ఉండదు, అంతేగా. పాత కారుకు ఇదే తేలికైన దారి అని నా అభిప్రాయం.

వాడేసిన రిమోట్లు చవగ్గా కనిపిస్తాయి, కానీ అక్కడే చిక్కు. ఫోక్స్‌వ్యాగన్, బీఎండబ్ల్యూ, మెర్సిడెస్, పుష్ స్టార్ట్ కార్ల కొత్త తరం స్మార్ట్ కీలు చాలావరకు మొదట రిజిస్టర్ అయిన కారుకే కట్టుబడిపోతాయి. ప్రత్యేక మెషిన్‌తో వాటిని మళ్లీ ఖాళీ చేస్తే గానీ ఇంకో కారుకు పనికిరావు, కొన్నింటిని ఖాళీ చేయడం కుదరదు కూడా. అమ్మేవాడు అన్‌లాక్ చేసిందని రాతపూర్వకంగా చెప్తేనే ఆలోచించండి.

బ్లేడ్ కటింగ్ దగ్గర చాలామంది తొందరపడతారు. పాత తాళం పెట్టి దానికి నకలు తీస్తే, ఇన్నేళ్ల అరుగుదల కూడా నకలైపోతుంది. అరిగిన తాళానికి నకలు అంటే కొత్తది పుడుతూనే ముసలిది. కారు కొత్తగా అమ్మినప్పుడు తాళాలతోపాటు నంబర్ చెక్కిన చిన్న రేకు ముక్క ఇస్తారు, అది మీకు వచ్చి ఉంటే ఆ నంబర్‌తో కట్ చేయించండి, ఫ్యాక్టరీ కొలతలు వస్తాయి. రేకు లేకపోతే, పాత తాళం పళ్ల లోతులు కొలిచి అసలు కోడ్ ఏమై ఉంటుందో లెక్కగట్టే మెషిన్లు, పనివాళ్లు ఉన్నారు, అలాంటివాళ్లనే పట్టుకోండి. కట్ చేయించాక చిప్ జోలికి వెళ్లకముందే తలుపులో, డిక్కీలో, ఇగ్నిషన్‌లో తిప్పి చూడండి.

ప్రోగ్రామింగ్

బటన్ల రిమోట్‌ను కొన్ని పాత కార్లలో మెషిన్ లేకుండా మనమే చేర్చుకోవచ్చు. పాత హోండాల్లో చాలావాటికి పద్ధతి ఇలా ఉంటుంది: తలుపులు మూసి, ఇగ్నిషన్ ఆన్ చేసి నాలుగు సెకన్లలోపు రిమోట్ లాక్ బటన్ నొక్కి, ఆఫ్ చేయాలి. ఇలా మొత్తం నాలుగుసార్లు. నాలుగోసారి ఆఫ్ చేయకుండా ఉంటే లాకులు టక్కుమంటాయి, అప్పుడు ఒక్కో రిమోట్ బటన్ నొక్కుతూ పోవాలి. చూడ్డానికి మంత్రం వేసినట్టుంటుంది కానీ పనిచేస్తుంది. ఒక్క మెలిక ఉంది, ఈ మోడ్‌లోకి వెళ్లగానే పాత రిమోట్లన్నీ మాయమైపోతాయి, కాబట్టి ఇంట్లో ఉన్నవన్నీ పక్కన పెట్టుకుని ఒకే విడతలో చేయండి. పాత నిస్సాన్లలో తాళాన్ని పది సెకన్లలో ఆరుసార్లు పెట్టి తీస్తే ఇండికేటర్లు వెలుగుతాయి, అప్పుడు ఇగ్నిషన్‌ని ఏసీసీ (ఇంజిన్ ఆన్ కాకుండా రేడియో లాంటివి పనిచేసే మెట్టు) దగ్గరికి తిప్పి రిమోట్ బటన్ నొక్కాలి. మీ కారు ఏ పద్ధతి అనేది ఆ సంవత్సరం, ఆ మార్కెట్ మాన్యువల్‌లో చూసుకోండి, పక్క దేశం మాన్యువల్ చూసి చేస్తే టైమ్ వేస్ట్.

చిప్ మాత్రం అంత తేలిగ్గా లొంగదు. అమెరికా మార్కెట్ ఫోర్డుల్లో చాలావాటికి రెండు పనిచేసే తాళాలు ఒకదాని తర్వాత ఒకటి తిప్పి మూడోదాన్ని చేర్చొచ్చు, కానీ మన దగ్గర ఉన్నదే ఒకటి కదా. జీఎం (జనరల్ మోటార్స్) కార్లలో కొన్నింటికి ఏ మెషిన్ లేకుండా పది నిమిషాల చొప్పున మూడుసార్లు, మొత్తం అరగంట ఆగి కొత్త తాళం నేర్పించే దారి ఉంది. ఆ అరగంట పద్ధతి పాత తాళాల్ని చెరిపేస్తుందని గుర్తుంచుకోండి. అదే కార్లకు కెనడాలో, గుర్తింపు ఉన్న తాళాలు లేకపోతే డీలర్ దగ్గరికే వెళ్లమని మాన్యువల్‌లో రాసి ఉంటుంది. ఇక్కడ కూడా మళ్లీ మార్కెట్టే అడ్డొస్తుంది.

మిగతావాళ్లందరికీ ఓబీడీ సాకెట్‌కి (కారు కంప్యూటర్లతో మాట్లాడటానికి ఉండే సాకెట్) మెషిన్ తగిలించడమే దారి. కంపెనీ సాఫ్ట్‌వేర్ అయినా కావచ్చు, ఆటెల్, ఎక్స్‌హార్స్ లాంటి బయటి మెషిన్ అయినా కావచ్చు. మెషిన్ ఉన్నవాడికి మీరు ముందుగా చెప్పాల్సింది, ఇది ఫలానా మార్కెట్ కారు అని. మెనూలో జపాన్, అమెరికా, యూరప్ వేర్వేరుగా ఉంటాయి. పాత జపాన్ కార్లలో సాకెట్ 16 పిన్నులదే అయినా లోపల మాట్లాడే భాష ఓబీడీ 2 కాకపోవచ్చు, మెషిన్ కారుతో కనెక్ట్ కావట్లేదంటే కారు పాడైందని కాదు. కొన్ని బ్రాండ్లు పిన్ కోడ్ అడుగుతాయి, పాత నిస్సాన్లకు 4 అంకెలు, హ్యుందాయ్, కియాలకు 6 అంకెలు. ఇవి డీలర్ దగ్గరైనా దొరుకుతాయి, మెషినే చదివి చెప్పినా చెప్తుంది.

రెండు మాటలు అతనికి తప్పకుండా చెప్పండి. ఒకటి, ‘కొత్త తాళం చేర్చు’ అనే ఆప్షనే వాడమని, ‘తాళాలన్నీ పోయాయి’ అనే దాని జోలికి వెళ్లొద్దని. ఆ ‘పోయాయి’ ఆప్షన్ నొక్కితే పాతవి చెరిగిపోతాయి, ఆ తర్వాత మధ్యలో ఏదైనా తేడా వస్తే రెండు తాళాలూ పనికిరాకుండా మిగులుతాయి. టొయోటాల్లో తాళం చేర్చడం నిమిషాల పని, మొత్తం రీసెట్ అంటే ఒక్క వేచి ఉండటానికే 16 నిమిషాలు పడుతుంది, దీన్నిబట్టే అతను ఏం చేస్తున్నాడో మీకు తెలిసిపోతుంది. రెండో మాట, కారు బ్యాటరీ సంగతి. సముద్రం మీద వారాల తరబడి ప్రయాణం చేసి, యార్డులో ఎండకు ఎండి వచ్చిన బ్యాటరీ సాధారణంగా చావుకు దగ్గరలో ఉంటుంది. రాస్తున్న మధ్యలో వోల్టేజ్ పడిపోతే కంట్రోల్ డబ్బానే దెబ్బతినొచ్చు. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా 12 వోల్టులు కూడా నిలవకపోతే, ఒక నిలకడైన సప్లై తగిలించే వరకు ఆగమనండి. ఏసీ, లైట్లు, పాటలు అన్నీ ఆఫ్.

జర్మన్ కార్ల గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే అక్కడ మనం చేసేది తక్కువ. మెర్సిడెస్ ఇగ్నిషన్ స్విచ్‌లో 8 తాళాలకు చోటుంటుంది, బీఎండబ్ల్యూలో 10కి. డీలర్‌కి విన్ నంబర్, కాగితాలు ఇస్తే మీ కారు కోసమే ముందుగా కోడ్ చేసిన తాళం తెప్పిస్తారు. ఖర్చు ఎక్కువే, కానీ తలనొప్పి తక్కువ.

ఒక వింత కేసు. కొన్ని దిగుమతి కార్లలో పాత ఓనర్ బయట కొన్న రిమోట్ స్టార్టరో, అలారమో పెట్టించి ఉంటాడు. రిమోట్ స్టార్టర్ పనిచేయాలంటే ఇమ్మొబిలైజర్‌ని ఒప్పించాలి, అందుకని రెండో తాళం చిప్‌ని డ్యాష్‌బోర్డ్ లోపల దాచేస్తారు. మీ రెండో తాళం పోయిందనుకుంటున్నారు కదా, అది కారులోనే ఉండొచ్చు! చిప్ లేని ఇనుప తాళంతో కూడా బండి స్టార్టయితే దీన్నే అనుమానించండి, అలా ఉంటే కారుకు కాపలా లేనట్టే.

పని అయ్యాక పరీక్ష. ఇక్కడ అందరూ మోసపోయేది ఒకే చోట, కొత్త తాళం తిప్పేటప్పుడు పాతది అదే రింగులో వేలాడుతూ ఉంటుంది, కారు పాతదాని చిప్‌ని చదివి స్టార్టవుతుంది, మనమేమో కొత్తది పనిచేసిందని సంబరపడతాం. పాతదాన్ని దూరంగా ఎవరి చేతికైనా ఇచ్చి పంపించి, అప్పుడు స్టార్ట్ చేయండి. ఒక్కసారి కాదు, ఆపి, తలుపు తీసి మూసి, కాసేపాగి మళ్లీ. ఇంజిన్ అంటుకుని రెండు సెకన్లలో ఆగిపోతే బ్లేడ్ బాగుంది, చిప్ కుదరలేదు అని అర్థం. తర్వాత పాత తాళంతో కూడా స్టార్ట్ చేసి చూడండి, అది చెరిగిపోలేదని నమ్మకం కుదరాలి. ప్రతి బటన్ నొక్కండి, పది అడుగుల దూరం నుంచి ఒకసారి, ఇంకా వెనక్కెళ్లి ఇంకోసారి. స్మార్ట్ కీ అయితే సెల్ తీసేసి, స్టార్ట్ బటన్‌కి ఆనించి స్టార్ట్ చేయండి. ఇదంతా మెకానిక్ మెషిన్ సర్దుకోకముందే.

అతను ఉండగానే ఇంకో ప్రశ్న అడగండి, కారులో మొత్తం ఎన్ని తాళాలు రిజిస్టరై ఉన్నాయి అని. చాలా కార్లలో మెషిన్ ఈ లెక్క చెప్తుంది. మీ దగ్గర రెండుంటే అక్కడ నాలుగు కనిపిస్తే, మిగతా రెండూ ఎవరి దగ్గరున్నాయో మీకు తెలియదు. మీ రెండూ పనిచేస్తున్నాయని తేలాకే ఆ తెలియని రెండింటినీ చెరిపించేయండి. అయితే చెరిపేది చిప్ వరకే, ఆ పాత బ్లేడ్ ఇంకా మీ కారు తలుపు తెరుస్తుంది.

పని మొదలుపెట్టే ముందు మెకానిక్ మీ కారు కాగితాలు, గుర్తింపు కార్డు అడిగితే చిరాకు పడకండి. అడగనివాడు రేపు ఎవరు తెచ్చినా మీ కారుకు తాళం చేసిస్తాడు.

ఆ రేకు ముక్క నంబర్, పిన్ కోడ్, ఫ్రీక్వెన్సీ, చిప్ రకం, సెల్ సైజు, అన్నీ ఒక కాగితం మీద రాసి కారు కాగితాలతో ఇంట్లో పెట్టుకోండి. స్పేర్ రిమోట్‌ను ఏళ్ల తరబడి దాచేటట్టయితే సెల్ బయటికి తీసి పక్కన పెట్టండి, లీకైతే బోర్డును తినేస్తుంది, కాకపోతే కొన్ని రిమోట్లకు సెల్ మళ్లీ వేశాక రెండు మూడుసార్లు బటన్ నొక్కితే గానీ కారుతో లయ కుదరదు. ఇక దాన్ని తీసుకెళ్లి కారు గ్లవ్ బాక్స్‌లో మాత్రం పెట్టకండి, నవ్వొద్దు, మా ఇంట్లో మొదటి వారం అక్కడే ఉంది.